ఒక కాపురం, రెండు కథలు: ‘కాపురానికి రావాలి’ అని కోర్టు చెప్పగలదా?

క్లుప్తంగా: విడిగా ఉంటున్న భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని ఆదేశించాలంటూ కోర్టును అడిగే హక్కు హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద ఉంది. పేరుకు ఇది కాపురం నిలబెట్టే కేసు. ఆచరణలో మాత్రం మనోవర్తిని అడ్డుకోవడానికో, విడాకులకు దారి వేసుకోవడానికో తరచూ పనికొస్తోంది. ఈ హక్కు మన దేశంలో పెద్ద గొడవగా మారింది 140 ఏళ్ల కిందట, బొంబాయిలో దాదాజీ, రుఖ్మాబాయిల కేసుతో. చెడిన కాపురం గురించి ఇద్దరు చెప్పే కథలు ఎందుకు కలవవో, కోర్టు అడిగే ప్రశ్న ఆ కథలను ఎలా మలుస్తుందో ఆ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

“అమ్మాయిని కాపురానికి పంపడం లేదు” అంటారు ఒక ఇంటివాళ్లు. “సరిగా చూసుకుంటే ఎందుకు పంపం?” అంటారు రెండో ఇంటివాళ్లు. పెద్దమనుషులు రెండు మూడుసార్లు కూర్చుంటారు, ఏమీ తేలకుండానే లేస్తారు. కొన్నాళ్లకు పోస్టులో లాయరు నోటీసు వస్తుంది. అందులో ‘దాంపత్య హక్కుల పునరుద్ధరణ’ అనే మాట ఉంటుంది. నోటీసు అందుకున్న ఇంట్లో వెంటనే టెన్షన్ మొదలవుతుంది. పోలీసులు వచ్చి తీసుకెళతారా? వెళ్లకపోతే జైలా?

ఈ రెండు ప్రశ్నలకూ ఇప్పటి చట్టంలో జవాబు ‘కాదు’ అనే. అయితే ఒకప్పుడు జైలు నిజంగానే ఉండేది.

## పెళ్లయింది, కాపురం కాలేదు

రుఖ్మాబాయి 1864లో బొంబాయిలో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి జయంతీబాయి కొన్నేళ్లకు డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్లి చేసుకుంది. వాళ్లది వడ్రంగం చేసే సుతార్ కులం. ఆ కులంలో మారుమనువు ఆచారంగా ఉన్నదే. కానీ 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోతుంది. అందుకని జయంతీబాయి ఆ ఆస్తిని ముందే కూతురి పేరిట పెట్టింది. తర్వాతి గొడవలో ఈ ఆస్తి ప్రస్తావన మళ్లీ మళ్లీ వచ్చింది.

రుఖ్మాబాయికి 11 ఏళ్లప్పుడు దాదాజీ భికాజీతో పెళ్లి చేశారు. అతనికి అప్పటికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మన మాటలో చెప్పాలంటే ఇది ఇల్లరికం సంబంధం. డాక్టరుగారి అండలో ఉండి చదువుకుని ప్రయోజకుడు కావాలన్నది అనుకున్న మాట. అమ్మాయి ఈడేరాక కార్యం జరిపించాలన్న ఒత్తిడి వచ్చినా, వైద్యుడైన సవతి తండ్రి అంత చిన్న వయసులో అది కూడదని ఆపాడు. దాదాజీ చదువు సాగలేదు. ఆపైన చాలాకాలం జబ్బు పడ్డాడు. చివరికి మేనమామ నారాయణ్ ధర్మాజీ పంచన చేరాడు. రుఖ్మాబాయి పుట్టింట్లోనే ఉండి, దొరికిన పుస్తకాలతో సొంతంగా ఇంగ్లిష్ నేర్చుకుంది.

1884లో దాదాజీ లాయరు ద్వారా కాపురానికి రమ్మని కబురు పంపాడు. ఆమె రానంది. అతను బొంబాయి హైకోర్టుకు వెళ్లాడు. అప్పటికి పెళ్లయి ఎనిమిదేళ్లు కావస్తున్నా ఇద్దరూ ఒక్కరోజు కూడా భార్యాభర్తలుగా కలిసి ఉండలేదు.

## ఎవరి కథ వారిది

దాదాజీ చెప్పిన కథ ఇది. పెళ్లి శాస్త్రోక్తంగా జరిగింది, దాన్ని ఎవరూ కాదనడం లేదు. తాను అత్తవారింటికి వస్తూపోతూనే ఉన్నాడు, భార్యకు తనపై అయిష్టం ఉండేది కాదు. ఆమె కాపురానికి వస్తే ఆమె పేరిట ఉన్న ఆస్తి కూడా చేయి దాటిపోతుందని తల్లికీ తాతకూ భయం. వాళ్లే ఆమె మనసు విరిచారు. తనకు కావలసింది న్యాయంగా తనకు రావలసిన భార్య మాత్రమే.

రుఖ్మాబాయి కోర్టులో చెప్పినది వేరు. అతనికి తనను పోషించే స్తోమత లేదు. ఉబ్బసం, క్షయ లక్షణాలతో ఆరోగ్యం బాగాలేదు. అతను ఆశ్రయించిన మేనమామ నడవడి మంచిది కాదు, ఆ ఇంట్లో అడుగుపెట్టడం తనకు కుదరదు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఒకరు చెప్పిన వాస్తవాలను రెండోవారు చాలావరకు పూర్తిగా కాదనలేదు. పెళ్లి జరిగింది నిజం. ఆస్తి ఆమె పేరిట ఉన్నదీ నిజం. అతను మేనమామ మీద ఆధారపడ్డదీ నిజం. తగాదా ఈ వాస్తవాల గురించి కాదు, వీటిలో దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్న దాని గురించి.

ఇంకా లోతైన సంగతి మరొకటుంది. రుఖ్మాబాయి అసలు వాదన కోర్టు కాగితాల్లో లేదు, వార్తాపత్రికలో ఉంది. 1885లో ‘ఒక హిందూ స్త్రీ’ అనే పేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకు రాసిన లేఖల్లో ఆమె బాల్య వివాహం ఆడపిల్ల చదువునూ ఆలోచననూ ఎలా తుంచేస్తుందో రాసింది. తెలియని వయసులో చేసిన పెళ్లికి తన ఒప్పుదల లేదన్నదే ఆమె మనసులోని మాట. కానీ అప్పటి చట్టం దృష్టిలో అది కారణమే కాదు. దేశంలో పెళ్లిళ్లన్నీ దాదాపు అలా జరిగినవే. కాబట్టి కోర్టులో ఆమె చట్టం వినే కారణాలే చెప్పాల్సి వచ్చింది: పేదరికం, జబ్బు, చెడ్డ ఇల్లు. అక్కడి నుంచి ఆమె కథ భర్తను తప్పుపట్టే కథగా మారింది. దానికి జవాబుగా అతని కథ అత్తింటివారిని తప్పుపట్టే కథ అయింది. 1887 నాటికి ఇద్దరూ తమ వాదనలను అచ్చు వేయించి జనం ముందు పెట్టుకున్నారు.

## నలుగురు న్యాయమూర్తులు, మూడు తీర్పులు

1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే దావా కొట్టేశారు. ఎన్నడూ కలిసి ఉండని ఇద్దరి మధ్య ‘పునరుద్ధరించడానికి’ ఏముంది అన్నది ఆయన ప్రశ్న. ఊహ తెలియని వయసులో పెళ్లయిన యువతిని ఇష్టంలేని మనిషి దగ్గరకు తోయడం క్రూరమనీ, ఇలాంటి దావాకు హిందూ ధర్మశాస్త్రంలో ఆధారం లేదనీ, ఇది ఇంగ్లండు నుంచి వచ్చిందనీ అన్నారు.

అప్పీలు విన్న ప్రధాన న్యాయమూర్తి సార్జెంట్, జస్టిస్ బెయిలీ 1886లో ప్రశ్న మార్చారు. హిందూ వివాహం కార్యంతో కాదు, పెళ్లితంతుతోనే పూర్తవుతుంది కదా? అలాంటప్పుడు భర్తకు హక్కు లేదని ఎలా అంటారు? కేసు తిరిగి కింది న్యాయమూర్తి దగ్గరకు వచ్చింది. 1887 మార్చి 4న జస్టిస్ ఫారన్ తీర్పు ఇచ్చారు. నెలలోగా భర్త దగ్గరకు వెళ్లాలి, లేదా ఆరు నెలల జైలు. రుఖ్మాబాయి జైలుకే వెళతానంది.

ఆ తీర్పును సమర్థించినవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. తిలక్ వంటివారి భయం ఏమిటంటే, తెల్లదొరల కోర్టు ఒక హిందూ వివాహాన్ని ఇష్టాయిష్టాల ప్రాతిపదికన పక్కన పెడితే, దేశంలోని ప్రతి పెళ్లీ ప్రశ్నార్థకమవుతుంది, మతాచారాలు పరాయి ప్రభుత్వం చేతిలోకి పోతాయి. ఇటు బెహ్రాంజీ మలబారీ వంటి సంస్కర్తలకు ఇదే కేసు బాల్య వివాహం ఎంత అన్యాయమో చూపే నిదర్శనం. ఇద్దరి కాపురం గొడవ రెండు శిబిరాల జెండా అయింది. కానీ ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆచారాన్ని కాపాడాలన్నవారు ఆయుధంగా పట్టుకున్నది ఇంగ్లండు చర్చి కోర్టుల్లో పుట్టిన దావాను. పైగా, ఆ డిక్రీకి, అంటే కోర్టు ఆదేశానికి, లొంగనివారిని జైల్లో పెట్టడాన్ని ఇంగ్లండు 1884లోనే రద్దు చేసింది. దాదాజీ కోర్టుకెక్కింది సరిగ్గా ఆ ఏడాదే.

1888 జులైలో రాజీ కుదిరింది. 2,000 రూపాయలు తీసుకుని దాదాజీ డిక్రీ అమలును వదులుకున్నాడు, ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. రుఖ్మాబాయి లండన్ వెళ్లి వైద్యం చదివి, తిరిగి వచ్చి సూరత్, రాజ్‌కోట్‌లలో దశాబ్దాల పాటు ఆడవాళ్ల డాక్టరుగా పనిచేసింది. 1891 నాటి సమ్మతి వయసు చట్టం, అంటే ఆడపిల్లతో శారీరక సంబంధానికి కనీస వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచిన చట్టం, వెనుక ఈ కేసు రేపిన చర్చ కూడా ఉంది. 1904లో దాదాజీ చనిపోయినప్పుడు ఆమె వితంతువుల తెల్లచీర కట్టుకుందని జీవిత చరిత్రలు చెబుతాయి. ఇన్ని తీర్పుల తర్వాత కూడా ఆ పెళ్లి ఆమె లెక్కలో ఏమిటో బయటివారు తేల్చలేరు.

## జైలు పోయింది, డిక్రీ మిగిలింది

1923లో సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణతో ఈ డిక్రీలకు జైలు శిక్ష తొలగింది. దావా మాత్రం పోలేదు. 1955 మే 18న అమల్లోకి వచ్చిన హిందూ వివాహ చట్టంలో అది 9వ సెక్షన్‌గా కూర్చుంది. అదే సంవత్సరం సెప్టెంబరులో రుఖ్మాబాయి కన్నుమూసింది. ఇంగ్లండు 1970 నాటి చట్టంతో ఈ దావాను పూర్తిగా తీసేసింది. మన దగ్గర హిందువులకే కాదు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికీ, క్రైస్తవులకూ, ముస్లింలకూ వేర్వేరు దారుల్లో ఇది అందుబాటులో ఉంది.

## కడపలో మొదలైన కేసు

ఈ సెక్షన్‌కు అతిపెద్ద దెబ్బ తెలుగు నేలపైనే తగిలింది. సినీనటి సరితకు చిన్న వయసులో తిరుపతిలో పెళ్లయింది. కొద్దికాలానికే భార్యాభర్తలు విడిపోయారు. ఆమెను కాపురానికి పంపాలని భర్త కడప సబ్ కోర్టులో దావా వేశారు. ఆ కోర్టుకు ఈ కేసు వినే అధికారం లేదన్న అభ్యంతరంతో ఆమె హైకోర్టుకు వచ్చారు. అక్కడ 9వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనా అన్న చర్చ కూడా వచ్చింది.

1983 జులై 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ చెల్లదన్నారు. ఎవరితో, ఎప్పుడు శారీరకంగా కలవాలన్నది మనిషి సొంత నిర్ణయం. బిడ్డను కనాలా వద్దా అన్నది కూడా దానితో ముడిపడి ఉంది. ఈ డిక్రీ ఆ నిర్ణయాన్ని వ్యక్తి చేతిలోంచి తీసి ప్రభుత్వం చేతిలో పెడుతుందని ఆయన తర్కం. మరో మాట కూడా అన్నారు. చట్టం ఇద్దరికీ సమానంగా రాసి ఉన్నా, బలవంతపు కాపురం పర్యవసానాలు ఆడ, మగలకు సమానం కావు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించడానికి 34 ఏళ్ల ముందే ఆ దారిలో నడిచిన తీర్పు ఇది.

కానీ ఎక్కువకాలం నిలవలేదు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు వ్యతిరేకించింది. కాపురమంటే శారీరక సంబంధం ఒక్కటే కాదు, కలిసి బతకడం అంది. ఇంటి గడప లోపలికి రాజ్యాంగ సూత్రాలను తేవడం సంసారాలకు చేటు అని అభిప్రాయపడింది. 1984 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ అభిప్రాయాన్నే ఖాయం చేసింది. కాపురం కూలకుండా ఆపే సామాజిక ప్రయోజనం ఈ సెక్షన్‌కు ఉందని చెప్పింది. 2019లో గాంధీనగర్ న్యాయ విద్యార్థులు ఈ సెక్షన్‌ను మళ్లీ సవాలు చేశారు.

1984 నాటి ఆ తీర్పు వచ్చిన కేసు వాస్తవాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది పంజాబ్ దంపతుల కేసు. కాపురానికి తీసుకెళ్లమని కోర్టుకు వెళ్లింది భార్య. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది గడిచాక, డిక్రీ వచ్చినా మేం కలిసి ఉండలేదు కాబట్టి విడాకులివ్వండని అదే భర్త కోర్టుకు వెళ్లాడు. తనను ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులుంచి వెళ్లగొట్టాడని ఆమె చెప్పింది, అది రుజువు కాలేదు. విడాకులు మంజూరయ్యాయి. కాపురాన్ని నిలబెట్టే సెక్షన్ అని చెప్పిన తీర్పులోనే, ఆ సెక్షన్ మెట్టుగా కాపురం ముగిసింది.

## డిక్రీ వచ్చాక ఏమవుతుంది?

ఆ మెట్టు చట్టంలోనే ఉంది. డిక్రీ వచ్చిన తర్వాత ఏడాదిపాటు కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. మొదట్లో డిక్రీ పొందినవారికే ఈ వీలుండేది. 1964లో ఇద్దరికీ ఇచ్చారు. 1976లో రెండేళ్ల గడువును ఏడాదికి తగ్గించారు. దీంతో 9వ సెక్షన్‌కు రెండు ముఖాలు వచ్చాయి. నిజంగా కలిసి ఉండాలని వేసేవారు ఉన్నారు. విడాకులకు వేరే కారణం రుజువు చేయడం కష్టమని, ఈ దారిన ఏడాది ఓపిక పడదామనుకునేవారూ ఉన్నారు. నోటీసు చూసి ఇద్దరిలో ఎవరన్నది చెప్పలేం, రెండింటిలోనూ ఒకే వాక్యాలుంటాయి.

డిక్రీని పాటించకపోతే ఆస్తి జప్తు చేయించవచ్చు. అంతకుమించి బలప్రయోగం లేదు. విడిగా ఉండడానికి తగిన కారణం ఉందని రుజువు చేయాల్సిన భారం మాత్రం ఇల్లు వదిలి వెళ్లినవారిదే. సాధారణంగా ఇల్లు వదలాల్సి వచ్చేది భార్య కనుక, ఆ భారం ఎక్కువగా ఆమె నెత్తిన పడుతుంది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులు ఎక్కడినుంచి వస్తారు?

మనోవర్తి దగ్గర కూడా ఇదే చిక్కు. తగిన కారణం లేకుండా భర్తతో ఉండననే భార్యకు మనోవర్తి రాదని పాత నేర ప్రక్రియా స్మృతిలోనూ, దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. భార్య మనోవర్తి కేసు వేయగానే భర్త 9వ సెక్షన్ కింద దావా వేయడం ఇందుకే. 2025 జనవరిలో ఝార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు దీనిపై స్పష్టత ఇచ్చింది. భర్తకు డిక్రీ వచ్చినంత మాత్రాన, భార్య వెళ్లనంత మాత్రాన మనోవర్తి దానంతటదే పోదు. ఆమె వెళ్లకపోవడానికి కారణం విడిగా చూడాల్సిందే. గర్భస్రావమైనప్పుడు భర్త పట్టించుకోలేదని, ఇంట్లో మరుగుదొడ్డి కూడా వాడుకోనివ్వలేదని ఆమె చెప్పిన కేసు అది. నెలకు 10,000 రూపాయల మనోవర్తిని కోర్టు పునరుద్ధరించింది.

## తప్పు ఎవరిదో తేలాల్సిందేనా?

ఇక్కడే రుఖ్మాబాయి కాలం నాటి ముడి మళ్లీ కనిపిస్తుంది. మన చట్టంలో పరస్పర అంగీకారంతో తప్ప విడాకులు రావాలంటే ప్రధానంగా ఎదుటివారి తప్పు రుజువు చేయాలి: క్రూరత్వం, వదిలేయడం, మరొకరితో సంబంధం. “మాకు సరిపడలేదు” అనేది కారణం కాదు. కాబట్టి సరిపడనితనాన్ని తప్పుల భాషలోకి మార్చి రాస్తారు. ఒక చిన్న మాట క్రూరత్వమవుతుంది. దానికి జవాబుగా మరింత పెద్ద మాట పుడుతుంది. రెండేళ్లు గడిచేసరికి ఆ దంపతులకే తమ కాపురం అఫిడవిట్‌లో రాసినట్టే జరిగిందనిపిస్తుంది.

2013లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక తెలుగు దంపతుల కేసు దీనికి సరైన ఉదాహరణ. 1999 ఏప్రిల్‌లో పెళ్లి. మొదటి రోజుల్లోనే రెండు కుటుంబాలకూ చెడింది. భర్త విడాకులకు వెళ్లాడు. భార్య అత్తింటివారిపై క్రిమినల్ కేసు పెట్టింది, అదే సమయంలో కాపురానికి రమ్మని ఎదురు దావా కూడా వేసింది. భర్తవైపు నుంచి చూస్తే ఇది పగ. భార్యవైపు నుంచి చూస్తే, కట్నం పేరుతో తనను గెంటేసినవారిని శిక్షించాలి, తన కాపురం తనకు కావాలి. ఆ రెండు కోరికలూ ఒకే మనసులో ఉండవచ్చు. అత్తగారిపై ఆమె చేసిన తీవ్రమైన ఆరోపణకు ఆధారం లేదని, అది మానసిక క్రూరత్వమని కోర్టు విడాకులు ఇచ్చింది. ఆమెకు 15 లక్షల రూపాయలు ఇవ్వాలని భర్తను ఆదేశించింది. ఇలాంటి తగాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని కింది కోర్టులకు చెప్పింది కూడా ఆ తీర్పులోనే. ఆ దంపతుల విషయంలో ఆ మాట వచ్చేసరికి దాదాపు 14 ఏళ్లు గడిచిపోయాయి.

2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, స్పష్టమైన వివరాలు లేకుండా భర్త బంధువులందరినీ వేధింపుల కేసులోకి లాగడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నిజంగా వేధింపులు పడిన స్త్రీలు మౌనంగా ఉండాలని తమ అర్థం కాదని అదే తీర్పులో స్పష్టం చేసింది. తీర్పులోని మొదటి సగాన్ని ఒకరు, రెండో సగాన్ని మరొకరు పట్టుకుని వాదించుకోవడం ఆ తర్వాత చూశాం.

తప్పు రుజువు చేయాలన్న ఒత్తిడి ఇప్పుడు పడకగదిలోకి ఫోన్ రికార్డింగ్ రూపంలో వచ్చింది. జీవిత భాగస్వామికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణలను వివాహ తగాదాల్లో సాక్ష్యంగా చూడవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే దశకు వచ్చారంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయినట్టేనన్నది కోర్టు ఆలోచన. సాక్షుల్లేని ఇంట్లో దెబ్బలు తిన్నవారికి ఇది ఆసరా. కోపంలో అన్న ఒక్క మాటను ముందూ వెనకా కోసి చూపేవారికీ ఇది ఆసరాయే.

## రెండు దేశాలు, ఒక పెళ్లి

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడి రాష్ట్రాల్లో ఎవరి తప్పూ చూపకుండా, కాపురం ఇక అతకదని చెప్పి విడాకులు తీసుకోవచ్చు. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీలో అలా విడాకుల డిక్రీ పొంది, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్న వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. మన వివాహ చట్టంలో లేని కారణంతో, రెండోవారు ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ విడాకులను ఇక్కడి కోర్టులు గుర్తించవు. ఒక దేశంలో మాజీ భార్య, మరో దేశంలో ఇంకా భార్యే. ఈ నియమం స్వదేశంలో వదిలేయబడిన భార్యలకు రక్షణగా ఉంది. ఇద్దరూ విడిపోవాలనుకున్నా కాగితాలు సరిగా చేయించుకోని జంటలకు ఇదే ఏళ్ల తరబడి చిక్కు.

కోలుకోలేనంతగా చెడిన కాపురాన్ని ఆ ఒక్క కారణంతోనే రద్దు చేసే వీలు ఇవ్వాలని లా కమిషన్ 1978లో ఒకసారి, 2009లో మరోసారి సిఫారసు చేసింది. ఆ మేరకు తెచ్చిన బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, లోక్‌సభ దాటకుండానే మురిగిపోయింది. విడాకులు సులభమైతే సంపాదన, ఇల్లు లేని భార్యలు రోడ్డున పడతారన్నది దానిపై వచ్చిన గట్టి అభ్యంతరం. అది కాదనలేని అభ్యంతరమే. భర్త ఆస్తిలో వాటా సంగతి తేల్చకుండా విడాకుల సంగతి మాత్రమే తేల్చడం కుదరదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కాపురం కోలుకోలేనంతగా చెడిందన్న కారణంతో తాను నేరుగా విడాకులు ఇవ్వగలనని, అదికూడా పక్షాలు కోరినంత మాత్రాన కాదని చెప్పింది. ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుది మాత్రమే. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో కేసు వింటున్న న్యాయమూర్తి, ఎదురుగా ఉన్న ఇద్దరూ ఇక కలిసి ఉండరని మొదటి వాయిదాలోనే గ్రహించినా, ఇద్దరి సమ్మతి లేకుండా విడాకులివ్వాలంటే సాధారణంగా ఎవరిది తప్పో సాక్ష్యాలతో తేల్చాల్సిందే.